పరధ్యానానికి ధ్యాస వచ్చింది

సూది వేలిలోకి దిగిన క్షణాన పరధ్యానం మంచం జరుపుతోంది. కిటికీ కింద ఉంటే పొద్దున్నే మొహాన ఎండ పడుతోందని దాన్ని ఎదుటి గోడ వైపు లాగుతోంది. ఆ మంచమూ లేదు, కిటికీ లేదు, గోడా లేదు. ఉన్నదల్లా చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ, అందులో కాలర్ల వరస, ఆ వరసలో ఒక మిషను, దాని పాదం కింద ఆమె ఎడమచేతి చూపుడువేలు. సూది గోరు పక్కన దిగి లోపలే విరిగింది. ఆమె అబ్బా అని కూడా అనలేదు. తెల్ల కాలరు మీద ఈ ఎర్రచుక్క ఎక్కడిదా అని కాసేపు చూసింది. పక్క మిషను ఆవిడ కెవ్వున అరిచాక గాని ఆ వేలు తనదేనని ఆమెకు తట్టలేదు.

ఆ పేరు అత్తగారు పెట్టింది. కాపురానికి వచ్చిన కొత్తలో కోడలు ఉప్పు డబ్బాలో పంచదార పోసింది. పొయ్యి మీద ఖాళీ గిన్నె పెట్టి అది మాడి కంపు కొట్టేదాకా ఎదురుగా నిలబడి చూసింది. ఒకరోజు కుడికాలికి తన చెప్పు, ఎడమకాలికి మొగుడి చెప్పు వేసుకుని వీధి చివరి దుకాణం దాకా వెళ్ళొచ్చింది. "దీని ఒళ్ళు ఇక్కడ, ప్రాణం ఇంకెక్కడో. ఇది మనిషి కాదర్రా, నడిచే పరధ్యానం," అంది అత్తగారు. మొగుడు పకపకా నవ్వాడు. అంతే, పేరు అతుక్కుపోయింది. ఇంట్లోంచి మెట్లు దిగి వీధిలోకి, వీధిలోంచి ఫ్యాక్టరీలోకి నడిచింది. హాజరు పిలిచేటప్పుడు తప్ప అసలు పేరు వినబడ్డమే మానేసింది.

ఆమె ప్రాణం ఎక్కడికి పోయేదో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. వాళ్ళుండేది రెండో అంతస్తులో, రెండు గదులూ ఒక వంటిల్లూ. ఒక గది బావగారిది, తోడికోడలిది. రెండో గదిలో అత్తగారు, ఇద్దరు కోడళ్ళ పిల్లలు ముగ్గురు, టీవీ. ఆ గదినే ఒక బీరువా అడ్డంపెట్టి చీల్చితే మిగిలిన సందు పరధ్యానానిది, ఆమె మొగుడిది. ఇద్దరిలో ఎవరు ఒత్తిగిలినా బీరువా తలుపు దబ్బుమనేది, అవతల అత్తగారు దగ్గేది. ఆ సందులో పడుకునే మొదటి ఏడాదిలోనే ఆమె తలలో ఒక ఇల్లు కట్టడం మొదలుపెట్టింది. ఒక్కటే గది. ఒక కిటికీ. లోపలినుంచి గడియ ఉన్న ఒక తలుపు. కాలర్లు కుడుతూ ఆ గోడలకు సున్నం వేసింది, గిన్నెలు తోముతూ అలమరలు బిగించింది. ఆ ఇంట్లో ఆమె తప్ప ఇంకెవరూ లేరు. మొగుడు కూడా లేడు. నోరు తెరిచి చెప్పుకోదగ్గ సంగతా అది?

వేలికి కట్టు కట్టించుకుని వచ్చేసరికి సూపర్‌వైజరు మిషను దగ్గర కాచుకుని ఉన్నాడు. ఆయన మామూలుగా మాట్లాడినా వీధి అవతలికి వినబడుతుంది.

"నిన్ను కాలరు కుట్టమన్నామా, వేలు కుట్టమన్నామా? ఎక్కడుంటావమ్మా నువ్వు?"

"ఇక్కడే సార్."

"ఇక్కడుంటే సూదెందుకు దిగుద్ది? రేపట్నించి ఆ ఊపిరి క్లాసుకి పో."

ఊపిరి క్లాసు ఆ మధ్యే మొదలైంది. వేళ్ళలో సూదులు దిగడం ఎక్కువైందని యాజమాన్యం ఒకావిడను పిలిపించింది. ఉన్నచోట మనసు నిలుపుకోవడం ఎలాగో ఆవిడ నేర్పాలి. ఆవిడ మాట్లాడితే ఊపిరి సంగతే ఎత్తేది కాబట్టి అందరూ ఊపిరి మేడం అన్నారు. క్లాసు పెట్టింది పనివేళలో కాదు, భోజనాల వేళలో, ప్యాకింగ్ గదిలో అట్టపెట్టెల మధ్య. "కూడు తినే టైములో గాలి తినమంటున్నారు," అని గుండీల వరసలో ఒకామె అంటే అందరూ నవ్వారు. వచ్చినవాళ్ళలో సగంమంది కళ్ళు మూసుకోమనగానే హాయిగా నిద్రపోయేవాళ్ళు.

పరధ్యానం నిద్రపోలేదు. చిన్నప్పుడు బళ్ళో పంతులమ్మ, పుట్టింట్లో అమ్మ, ఇక్కడ అత్తగారు, అందరూ "మనసు పెట్టి చెయ్యవే" అన్నవాళ్ళే. మనసు ఎలా పెట్టాలో ఒక్కరూ చెప్పలేదు. ఊపిరి మేడం చెప్పింది. అరచేతిలో ఒక గుండీ పెట్టి, దాని అంచు, దాని చల్లదనం, దాని చిల్లులు వేలితో తడిమి చూడమంది. "మనసు పారిపోతుందమ్మా, అది దాని పని. పోయిందని తెలిసినప్పుడు తిట్టకండి. వీధిలోకి పరిగెత్తిన పిల్లని చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చుకోమా, అలా తెచ్చుకోండి," అంది. తిట్టకండి అన్న మాట పరధ్యానానికి నచ్చింది. మనసు పారిపోయినందుకు తిట్టకూడదని ఆమెతో అన్న మొదటి మనిషి ఈవిడే.

ఆమె వట్టి అమాయకంగా, చెప్పింది చెప్పినట్టు చేసింది. మిషను మీద కూర్చుంటే కాలిమడమ కింద పెడలు, వేళ్ళ కింద గుడ్డ, చెవిలో మోటారు. గిన్నెలు తోముతుంటే నీళ్ళు, నురగ, జిడ్డు. మనసు ఆ ఒంటిగది ఇంటి వైపు పరిగెత్తగానే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. కొన్నాళ్ళకి కుట్టు తప్పిన కాలర్లు తిరిగి రావడం మానేశాయి. సూపర్‌వైజరు వరసంతా వినేలా, "పరధ్యానానికి ధ్యాస వచ్చిందర్రా! దీన్ని చూసి నేర్చుకోండి," అని కేకేశాడు.

కష్టం అక్కడినుంచే మొదలైంది.

ఒక మధ్యాహ్నం, అలవాటుకొద్దీ, కాసేపు ఆ ఇంటికి పోదామనుకుంది. వెళ్ళలేకపోయింది. కిటికీ రాలేదు, తలుపు రాలేదు. తలుపు దాకా వెళ్ళినట్టే ఉండేది, ఇంతలో లోపల ఎవరో మెత్తగా "నువ్వు మిషను మీద ఉన్నావు" అనేవాళ్ళు. అవును, మిషను మీదే ఉంది. నడుము నొప్పిగా ఉంది. గాల్లో నూలు పీచు తేలుతోంది. ముక్కులో మిషను నూనె వాసన. ఇవన్నీ ఎప్పుడూ ఉన్నవే, కానీ అవి ఉన్నచోట ఆమె ఉండేది కాదు.

ఇంట్లో ఇంకా అన్యాయం. ఇదివరకు అత్తగారి మాటలు దున్నపోతు మీద వాన. ఇప్పుడు ప్రతి చుక్కా తగులుతోంది. "మంచినీళ్ళు కూడా అడిగి తాగాల్సిన బతుకైపోయింది నాది" అన్నది రోజూ అదే గొంతుతో, అదే దీర్ఘంతో అంటుందని ఇప్పుడు తెలిసింది. మొగుడు వ్యాను తోలి అలిసి వచ్చి, కంచం ముందు కూర్చుని, ఫోను చూస్తూ తిని, ఫోను చూస్తూనే చెయ్యి కడుక్కుంటాడని, వచ్చినప్పటినుంచి పడుకునేదాకా ఒక్కసారి కూడా తన మొహంలోకి చూడడని తెలిసింది. బీరువా వెనక గోడ చెమ్మగిల్లిందని, పడుకుంటే ఆ బూజు వాసన తప్ప ఇంకేమీ రాదని తెలిసింది. పక్కకి తిరిగితే బీరువా. వెల్లకిలా పడుకుంటే మొగుడి మోచెయ్యి. ఆమెకు ఊపిరాడలేదు. ఊపిరి మేడం నేర్పిన ఊపిరి కూడా ఆడలేదు.

మర్నాడు క్లాసు అయ్యాక ఆమె వెనక ఆగింది.

"మేడం, నాకు ఇది వద్దండి. దీన్ని వెనక్కి తీసుకోవడం కుదురుతుందా?"

మేడం చాప చుట్టేదల్లా ఆగింది. "ఏమైందమ్మా?"

"ముందైతే ఎక్కడో ఒకచోట ఉండేదాన్ని. ఇప్పుడు ఎప్పుడూ ఇక్కడే ఉంటున్నాను. పొద్దస్తమానం ఇక్కడే ఎలాగండీ ఉండటం?"

మేడం చాప మళ్ళీ పరిచి కూర్చుంది. ఆవిడా ఏమంత సుఖంగా ఉన్న మనిషి కాదు. ఒక ఫ్యాక్టరీనుంచి ఇంకో ఫ్యాక్టరీకి బస్సు పట్టుకుని తిరుగుతూ, తన భోజనం బస్సులో తినేది.

"నాకు నేర్పినవాళ్ళు దీనికి జవాబు చెప్పలేదమ్మా," అంది. "మీ వేళ్ళు తెగకుండా చూడమన్నారు, నేర్పాను. ఒక పని చెయ్యండి. ఎప్పుడూ మిమ్మల్ని మీరే చూసుకోకుండా ఇంట్లో ఇంకో మనిషిని చూడండి. మంచిదీ అనొద్దు, చెడ్డదీ అనొద్దు. గుండీని చూశారు చూడండి, అలా."

అత్తగారిని గుండీలా చూడటం ఆమె తరం కాదు. మొగుణ్ణి చూద్దామంటే మొహానికి ఫోను అడ్డం. అందుకని తోడికోడల్ని ఎంచుకుంది.

తోడికోడల్ని ఆమె అక్కా అనే పిలిచేది, కానీ ఆ పిలుపులో ఉప్పూ కారం లేక చాలాకాలమైంది. అక్క అదే ఫ్యాక్టరీలో కాజాల మిషను మీద పని చేసేది. గుండీలు దూరడానికి చొక్కాకు చిల్లులు కొట్టి చుట్టూ దారం అల్లే ఆ మిషను పెట్టే రొద ముందు కాలర్ల మిషను పిల్లి అరుపు. ఆమె వరసకు వచ్చేనాటికే అక్క అక్కడ తలపండిన మనిషి. ఇంట్లో అందరూ అనేది ఒకటే, అక్కకి తలపొగరు. పిలిస్తే పలకదు, అడిగినదానికి అడ్డదిడ్డంగా జవాబిస్తుంది, మాట నచ్చకపోతే లేచి పోతుంది. పరధ్యానానికైతే ఒక గాయమే ఉంది. రెండోసారి నెల తప్పి, మూడోనెలలో అది నిలవకుండా పోయినప్పుడు, ఆ సంగతి ముందుగా చెప్పుకోవాలనిపించింది అక్కకే. వంటింట్లో అక్క అటు తిరిగి కూరగాయలు తరుగుతోంది. గుమ్మంలో నిలబడి అంతా చెప్పింది. చెప్తూ ఏడ్చింది. అక్క వెనక్కి తిరగలేదు, కత్తి ఆపలేదు. ఆ రోజునుంచి వాళ్ళిద్దరి మధ్యా అవసరానికి మించి మాట నడవలేదు.

ఇప్పుడు ఆమె ఆ మనిషిని చూడటం మొదలుపెట్టింది.

అక్క ఎప్పుడూ గోడకు వీపు ఆనించి కూర్చుంటుంది, గది మొత్తం కనబడేలా. టీవీలో హాస్యం వస్తే అందరూ నవ్వాక, వాళ్ళ మొహాలు చూసి నవ్వుతుంది. కుక్కరు కూత పెట్టిందా లేదా అన్నది మూత మీద ఆవిరిని బట్టి చూసుకుంటుంది. ఎవరైనా మాట్లాడుతుంటే కళ్ళలోకి చూడదు, నోటికేసి చూస్తుంది. పరధ్యానం ఇదంతా చూసింది గాని, ఏదీ అనుకోలేదు, అనుకోవద్దన్నారు గనక. ఒక ఆదివారం పొద్దున కడిగిన గిన్నెలు వంటింట్లోకి తెస్తుంటే గుమ్మం దగ్గర పెద్ద మూత ఒకటి చేతిలోంచి జారింది. అది అక్క వెనకే నేలమీద పడి గిర్రున తిరుగుతూ, ఇల్లు లేచిపోయేలా గణగణలాడింది. అవతలి గదిలోంచి అత్తగారు, "ఎవరే, కొంప కూల్చేస్తున్నారా!" అని అరిచింది. అక్క భుజం కూడా అదరలేదు. నిదానంగా కూరగాయలు తరుగుతూనే ఉంది.

పరధ్యానం ఆ గుమ్మంలోనే, తాను ఏడ్చిన ఆ గుమ్మంలోనే, కదలకుండా నిలబడిపోయింది.

ఆ సాయంత్రం డాబా మీద ఇద్దరూ ఆరిన బట్టలు తీస్తున్నారు. ఆమె తీగె దాటుకుని అక్కకు ఎదురుగా వచ్చి నిలబడింది. గొంతు పైకి రానివ్వకుండా, పెదాలు మాత్రం కదిపి అడిగింది.

"అక్కా, నీకు వినపడట్లేదు కదూ?"

అక్క చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. అటూ ఇటూ చూసింది. తేలు కుట్టిన దొంగలా ఉంది ఆ మొహం.

"ఎవరితోనైనా అన్నావా?"

"లేదు."

"అనకు. నీకు పుణ్యముంటుంది, అనకు. తెలిస్తే మిషను మీదినుంచి లేపేస్తారు. మంటలంటుకుంటే కొట్టే గంట వినపడని మనిషిని లోపల ఉంచరు, అది వాళ్ళ రూలు. ఇంట్లో తెలిస్తే ఇంకేముంది, పొగరుబోతునల్లా చెవిటిదాన్నవుతాను. పొగరే నయం."

"ఎప్పట్నించీ?"

"ఒక్కరోజులో పోయిందా చెప్పడానికి? ముందు దూరం మాటలు పోయాయి. తర్వాత పిల్లల మాటలు. ఇప్పుడు నోరు చూసి పోల్చుకుంటాను. అన్నీ తెలీవు. పాట, బాట, మాట, మూడూ నాకు ఒకటే." అక్క దుప్పటి మడత పెట్టబోయి మళ్ళీ విప్పింది. "నీకేదో నేర్పుతోందట కదా ఆ మేడం, ఎక్కడున్నామో అక్కడే ఉండాలని. నేను ఏళ్ళుగా అదే చేస్తున్నానే. ఒక్క క్షణం కన్ను పక్కకి తిప్పానా, దొరికిపోతాను. నిద్రలో తప్ప నాకు విశ్రాంతి లేదు."

పరధ్యానం ఆ రోజు సంగతి ఎత్తింది. గుమ్మంలో నిలబడి చెప్పడం, ఏడవడం, అంతా. అక్క ఆమె పెదాలకేసి చూస్తూ చూస్తూ, సగంలో చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. మళ్ళీ చెప్పు. ఏం పోయింది?"

ఆమె మళ్ళీ చెప్పింది. ఈసారి మెల్లగా. అక్క దుప్పటి కింద పడేసి ఆమెను దగ్గరకు లాక్కుంది. లాక్కున్నాక పెదాలు కనబడవు గనక ఇంక మాటల్లేవు. తర్వాత బట్టలు మడుస్తూ అక్క, "అవునే, నీ ప్రాణం ఎటుపోతుంది అసలు?" అని అడిగితే పరధ్యానం ఆ ఒంటిగది ఇంటి సంగతి చెప్పేసింది. అక్క అంతా విని, అంటే చూసి, "వంటకి చోటేదీ? గదిలోనే వండుకుంటే పొగ ఎటు పోతుందే పిచ్చిదానా?" అంది. ఇంతకాలం కట్టిన ఇంటికి పొగగొట్టం పెట్టలేదని పరధ్యానానికి అప్పుడు తెలిసింది.

అక్కడితో కథ సుఖంగా ఉండేది, ఫ్యాక్టరీవాళ్ళు ధ్యాస గంట పెట్టకపోతే.

సూదులు దిగడం తగ్గింది గనక యాజమాన్యానికి ఉత్సాహం వచ్చింది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి హాల్లో గంట కొడతారు. మోగగానే మిషన్లు ఆపి, అందరూ కళ్ళు మూసుకుని ఊపిరి చూసుకోవాలి. మళ్ళీ మోగగానే పని మొదలుపెట్టాలి. మొదటి గంటతో అక్కకు పేచీ లేదు, పక్కవాళ్ళు ఆపితే ఆపుతుంది. కళ్ళు మూసుకున్నాక రెండోది ఎలా తెలుస్తుంది? మిషన్ల అదురు అరికాళ్ళకు తెలిసేసరికి అందరూ మొదలుపెట్టి ఉంటారు, ఆమె ఒక్కతీ చేతులు ముడుచుకుని మిగులుతుంది. కన్ను సగం తెరిచి చూద్దామంటే సూపర్‌వైజరు వరసల మధ్య తిరుగుతూ, "కళ్ళు! కళ్ళు!" అంటుంటాడు.

పరధ్యానం ఒంటికి గాలి తగలడం లేదని సాకు చెప్పి వరస చివరి మిషనుకు మారింది. అక్కడినుంచి కాలు చాపితే అక్క స్టూలు అందుతుంది. రెండో గంట మోగగానే స్టూలు కాలు తన్నేది. హాలంతా కళ్ళు మూసుకుని మనసు నిలుపుకుంటుంటే, ఆమె మాత్రం గంట కోసం ఒళ్ళంతా చెవులు చేసుకుని, కాలు సిద్ధంగా పెట్టుకుని కూర్చునేది. తన ఊపిరి తాను చూసుకునే యోగం ఆమెకు పోయింది. ఒకరోజు కళ్ళు తెరిచి దొరికింది కూడా. "నీకే ధ్యాస వచ్చిందనుకున్నాం, నువ్వే కళ్ళు తెరుస్తావా?" అని సూపర్‌వైజరు గొంతెత్తాడు. ఎదురుగా మూడడుగుల్లో నిలబడి అంత గట్టిగా అరిచే మనిషికి తన గొంతు తనకు ఎంత వినబడుతోందో అని ఆమెకు మొదటిసారి అనుమానం వచ్చింది.

తర్వాత క్లాసు అందరికీ తప్పనిసరి చేశారు. అక్కా వెళ్ళాల్సి వచ్చింది. పక్కపక్కన కూర్చుంటే మోచేత్తో చెప్పుకోవచ్చనుకున్నారు గాని, వరసల ప్రకారం కూర్చోబెట్టారు. అక్క ముందు, పరధ్యానం బాగా వెనక.

మేడం కళ్ళు మూసుకోమంది. ప్యాకింగ్ గదిలో మిషన్లు లేవు. అవతల హాలు కూడా భోజనాల వేళ గనక ఆగి ఉంది. పరధ్యానం రెప్పల సందులోంచి అక్క వీపును చూస్తోంది. మొదట ఆ భుజాలు బిగుసుకుని ఉన్నాయి. మెల్లగా కిందికి జారాయి. మెడ వాలింది. చేతులు ఒళ్ళో విడివడ్డాయి. ఎప్పుడూ గోడకు ఆనుకుని గదిని కాపలా కాసే మనిషి, గోడ లేకుండా, కళ్ళు మూసుకుని, హాయిగా ఊపిరి తీస్తోంది.

"ఇక కళ్ళు తెరవండి," అంది మేడం.

అందరూ తెరిచారు, లేచారు, చెప్పులు వెతుక్కున్నారు. అక్క తెరవలేదు. మేడం మళ్ళీ పిలిచింది. ఎవరో కిసుక్కున నవ్వారు, నిద్రపోయిందని. మేడం దగ్గరకు వచ్చి చెవి పక్కనే పిలిచింది. నిద్రపోతున్న మనిషి కాదని ఆ కూర్చున్న తీరులోనే తెలుస్తోంది. పరధ్యానం పరిగెత్తి వెళ్ళి తట్టవచ్చు. జనం అడ్డంగా ఉన్నారు, నిజమే, కానీ తోసుకుని వెళ్ళవచ్చు. వెళ్ళలేకపోయింది. అంత నెమ్మదిగా ఉన్న ఆ మనిషిని లేపడానికి ఆమెకు చేతులు రాలేదు.

మేడం వేళ్ళతో భుజం తాకితే అక్క ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. ముందు మేడం నోటికేసి చూసింది. మేడానికి అర్థమైపోయింది.

గది ఖాళీ అయ్యాక ముగ్గురే మిగిలారు. అక్క చేతులు జోడించింది. మేడం ఆ చేతులు పట్టుకుని కిందికి దించింది.

"నేను చెప్పకుండా ఎలా ఉండను? రేపు లోపల మంటలంటుకుని గంట కొడితే ఈవిడ కూర్చునే ఉంటుంది. ఆ పాపం నేను మొయ్యలేనమ్మా."

"నేను పక్కనే ఉంటాను మేడం," అంది పరధ్యానం.

"రోజూ ఉంటావా? నీకు జ్వరం రాదా?" మేడం గొంతు తగ్గించింది, ఆ తగ్గించడం వల్ల అక్కకు ఏమీ తేడా లేదని గుర్తొచ్చి మళ్ళీ మామూలుగా అంది. "వచ్చే వారం దాకా ఊరుకుంటాను. ముందు ఇంట్లో చెప్పండి, డాక్టరుకి చూపించండి. మీరే వచ్చి చెప్పుకుంటే కొంచెం మర్యాదగా ఉంటుంది."

దారంతా అక్క కళ్ళు నేలమీద పెట్టి నడిచింది. చెబితే ఉద్యోగం, చెప్పకపోతే ప్రాణం. అడకత్తెరలో పోకచెక్క అయింది ఆమె పని. పరధ్యానం తానే ఇంట్లో చెబుదామనుకుని, ఏ మాటతో మొదలుపెట్టాలా అని మెట్లెక్కుతూ సాధన చేసుకుంది. ఆ అవసరం రాలేదు. భోజనాల దగ్గర అత్తగారు మంచినీళ్ళ పాట ఎత్తుకుంది. బావగారు, "అమ్మ పిలుస్తుంటే పలకవేం?" అని పెళ్ళాన్ని గదిమాడు. అక్క కంచం పక్కకు పెట్టి, తన గొంతు ఎంత పైకి లేచిందో తెలియక, వీధంతా వినబడేలా అంది.

"నాకు చెవులు వినపడవు! చాలా ఏళ్ళైంది!"

పిల్లలు తినడం ఆపారు. పరధ్యానం మొగుడు మొదటిసారి ఫోను బోర్లా పెట్టాడు. అత్తగారు నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది.

"అయితే ఇన్నేళ్ళూ నేను తిట్టినవన్నీ?"

అత్తగారు అందరి మొహాలూ చూసి, అక్క వైపు తిరిగింది.

"ఒక్కటీ వినలేదా? గొంతు పోయేలా తిట్టానే! ఆ బిందె చిల్లు పెట్టినప్పుడు తిట్టింది కూడానా?"

పరధ్యానం ఆ మాటను పెదాలతో అక్కకు అందించింది. అక్క ముందు కళ్ళు పెద్దవి చేసింది, తర్వాత నవ్వింది. అందరూ నవ్వాక నవ్వే నవ్వు కాదు, అందరికంటే ముందు. పిల్లలు అందుకున్నారు. అత్తగారు, "నవ్వండి, నవ్వండి, నా నోటి కష్టం ఎవడికి పట్టింది," అంటూ తనూ నవ్వి, ఆనక కళ్ళు తుడుచుకుంది. బావగారు మాత్రం నవ్వలేదు. అన్నంలో చెయ్యి అలాగే ఉంచి అడిగాడు. "లైటు తీసేశాక నేను నీతో చెప్పుకునేవన్నీ... ఊ కొట్టేదానివి కదా?"

అక్క ఆయన నోటికేసి చూసి తల దించుకుంది. "ఊ కొట్టేదాన్ని," అంది.

డాక్టరు దగ్గరకు బావగారే తీసుకెళ్ళాడు. చెవి లోపలి నరాలు రొదకు చచ్చిపోయాయని, అవి మళ్ళీ బతకవని డాక్టరు చెప్పాడు. ఎడమ చెవికి యంత్రం పెడితే కొంత వినబడుతుంది, కుడి చెవి మీద ఆశ పెట్టుకోవద్దు. యంత్రం పెట్టుకుని ఇంటికి వచ్చిన రోజు అక్క గది మధ్య నిలబడి చుట్టూ చూసి, "ఈ ఇంట్లో ఇంత గోలుందా!" అంది. అప్పటినుంచి అత్తగారు మంచినీళ్ళ పాట ఎత్తుకోగానే యంత్రం తీసి డబ్బాలో పెట్టేస్తోంది. అత్తగారు దాన్ని చూసి, "పెట్టుకోవే, ఇంకా అవలేదు," అంటుంది.

అక్కే వెళ్ళి చెప్పుకుంది గనక ఫ్యాక్టరీలో మర్యాదగానే జరిగింది. పెద్దాయన ఒకరు వచ్చి చాలా జాలిగా మాట్లాడారు. అక్కను కాజాల మిషను మీదినుంచి తీసి, గుమ్మం పక్కన దారప్పోగులు కత్తిరించే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఏళ్ళ తరబడి మిషను తొక్కిన మనిషి, కొత్తగా చేరిన పిల్లల పక్కన చిన్న కత్తెర పట్టుకుంది. ఇంటికి పంపలేదు, అదే పదివేలు అన్నారు అందరూ. అక్కా అదే అంది. ఊపిరి మేడం మాత్రం, కాజాల వరసలో వాళ్ళందరికీ చెవులు పరీక్ష చేయించాలని, చెవుల్లో పెట్టుకునే బిరడాలు ఇప్పించాలని పైవాళ్ళతో అందట. తర్వాతి వారం ఆవిడ రాలేదు. ఆవిడ గొంతు రికార్డు చేసి ఉంచారు, ఇప్పుడు గోడ మీద స్పీకరులోంచి వస్తుంది. "మనసు పోయిందని తిట్టకండి," అంటుంది రోజూ, అదే చోట ఆగి, అదే చోట ఊపిరి తీస్తూ.

ఖాళీ అయిన కాజాల మిషను దగ్గరకు సూపర్‌వైజరు పరధ్యానాన్ని పిలిచాడు.

"రేపట్నించి ఇది నీది. ధ్యాస ఉన్న మనిషి కావాలి దీనికి."

"సార్, కాలర్లే ఉండనివ్వండి సార్. అక్కకి దీనివల్లే..."

"ఆఁ?" అని చెవి ముందుకు వంచాడు. ఆమె మళ్ళీ గట్టిగా చెప్పింది. ఆయన మొహం ఒక్క క్షణం మారింది. తర్వాత, "మీ ఇంటి మిషనే కదమ్మా, కొత్తేముంది? వద్దంటే బయట చాలామంది ఉన్నారు," అని వెళ్ళిపోయాడు. బిరడాల సంగతి అడిగితే పైకి చెప్పానన్నాడు. ఇప్పటికీ అదే అంటున్నాడు.

ఆ రాత్రి మొగుడితో చెప్పింది. అతను ఫోను పక్కన పెట్టి విన్నాడు, అది మాత్రం నిజం. విని, "ఇంకోచోట దొరికేదాకా చెయ్యి," అన్నాడు. ఇంకోచోట ఎక్కడుందో అతనికీ తెలియదు. బీరువా తలుపు దబ్బుమంది.

పరధ్యానం కాజాలు కుడుతోంది. చెత్తబుట్టలోని మెత్తటి గుడ్డముక్కలు ఉండలు చుట్టి చెవుల్లో కుక్కుకుంటుంది, వరసలో మిగతావాళ్ళకీ చుట్టి ఇస్తుంది. కొందరు పెట్టుకుంటారు, కొందరు ఉక్కపోతకి తీసేస్తారు. మిషను ఆ గుడ్డల్ని లెక్కచేయదు. దాని రొద ఎముకల్లోంచి వస్తుంది. మనసు ఎక్కడికీ పోవడం లేదు, పొమ్మన్నా పోవడం లేదు. సూది, గుడ్డ, రొద, వాటి ముందు ఆమె.

మొన్న పని దిగి ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే చెవిలో సన్నగా కీచుమని ఏదో మోగుతోంది. కుళాయేమోనని కట్టేసింది. టీవీయేమోనని వెళ్ళి చూసింది, అది ఆపే ఉంది. వంటింట్లోకి వచ్చి అక్కకు ఎదురుగా నిలబడి, తన చెవిని వేలితో చూపించింది.

"కీచుమంటోందక్కా. ఆగట్లేదు."

అక్క పొయ్యి తగ్గించింది. తడిచేతులు తుడుచుకుని, ఆ చెవి మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచింది, జ్వరం చూస్తున్నట్టు.

"పొద్దుటికి పోతుందా?"

పరధ్యానం తెలియదన్నట్టు తల ఊపింది.

"పోతే పొద్దున చెప్పు. పోకపోయినా చెప్పు," అంది అక్క. "నాలాగా దాచుకోకు." తర్వాత బావగారి పాత చొక్కా ఒకటి తెచ్చి, మెత్తగా అరిగిన చోట చూసి కత్తిరించి, గట్టిగా, సన్నగా ఉండలు చుట్టడం మొదలుపెట్టింది. పరధ్యానం పక్కన కూర్చుని గుడ్డముక్కలు అందించింది. అవతల అత్తగారు ఎవరినో పిలుస్తోంది.